తక్కువ తిరిగిన బండి

(న్యూజిలాండ్‌లోని ఆక్లండ్‌లో ఒక ఇంటి గ్యారేజీ. శనివారం ఉదయం. జపానులో వేలంలో కొని, ఓడెక్కించి తెప్పించిన 1990 నాటి హోండా వీఎఫ్ఆర్400ఆర్ మోటారుసైకిలు నిన్న సాయంత్రమే ట్రైలరు మీద ఇంటికి చేరింది. ఎరుపు, తెలుపు, నీలం రంగులు. నంబరు ప్లేటు ఇంకా రాలేదు. మురళి దాని చుట్టూ తిరుగుతూ ఫోటోలు తీస్తున్నాడు. శైలజ కాఫీ గ్లాసుతో గుమ్మంలో నిలబడి ఉంది. ఆమె తండ్రికి విజయవాడ ఆటోనగర్‌లో లేతు షాపు ఉండేది. ఈ సంగతి పెళ్లిచూపుల నాడే చెప్పారు గానీ, అప్పుడు మురళి దృష్టి జీడిపప్పు పకోడీల మీద ఉంది.)

మురళి: ఎలా ఉంది? ఒక్క మాటలో చెప్పు.

శైలజ: నిలబడి ఉంది.

మురళి: అంతేనా! ముప్పై ఏళ్లు దాటిన బండి. తిరిగింది ఎంతో తెలుసా? పదకొండు వేల కిలోమీటర్లు. కేవలం పదకొండు వేలు!

శైలజ: మరి మిగిలిన రోజులన్నీ ఏం చేసింది?

మురళి: ఏం చేస్తుంది, విశ్రాంతి తీసుకుంది.

శైలజ: బండికి విశ్రాంతే జబ్బండీ. రబ్బరు ఎండిపోతుంది, పెట్రోలు జిగురవుతుంది, ట్యాంకు తుప్పు పడుతుంది. మా నాన్న దగ్గరికి ఆదివారం మాత్రమే బయటికి తీసే లాయరు గారి స్కూటరు నెలకోసారి వచ్చేది. రోజూ పాలక్యాన్లు మోసే బండి సంక్రాంతికి కూడా వచ్చేది కాదు.

మురళి: ఇది పాలక్యాన్లు మోసే బండి కాదు. దీని చరిత్ర నీకు తెలియదు. జపానులో నాలుగు వందల సీసీ దాటిన బండి నడపాలంటే 1996 దాకా డ్రైవింగ్ స్కూలు దారే లేదు. నేరుగా పరీక్ష కేంద్రానికి వెళ్లి నెగ్గాలి. అక్కడ నెగ్గడం మహా కష్టం. అందుకని కంపెనీలు తమ తెలివినంతా తెచ్చి నాలుగు వందల సీసీలోనే కూరాయి. నాలుగు సిలిండర్లు, వీ ఆకారంలో! 59 గుర్రాల బలం!

శైలజ: అందులో ఎన్ని గుర్రాలు ఇప్పుడు లేచి నిలబడతాయో చూద్దాం.

మురళి: దీని అన్న ఆర్‌సీ30 ఉంది చూడు, 750 సీసీ. 1988లో ఒకసారి, 1989లో ఒకసారి ప్రపంచ సూపర్‌బైక్ టైటిలు కొట్టింది. నడిపింది ఫ్రెడ్ మెర్కెల్!

శైలజ: అన్న కలెక్టరైతే తమ్ముడి చేత ఫైళ్ల మీద సంతకాలు పెట్టిస్తారా? కాస్త పక్కకు జరగండి.

(గ్లాసు కింద పెట్టి, ఫోను టార్చి వెలిగించి, వెనక టైరు పక్కన గొంతుక్కూర్చుంది.)

మురళి: టైర్ల గురించి నువ్వు చెప్పనక్కర్లేదు. గాడులు చూడు, ఎంత లోతుగా ఉన్నాయో. కొత్తవి.

శైలజ: చదవండి. ఈ గుండ్రటి గడిలో ఉన్న అంకెలు.

మురళి: మూడు, ఒకటి, ఎనిమిది.

శైలజ: 2000 నుంచి నాలుగు అంకెలు వేస్తున్నారు. రెండు వారానికి, రెండు సంవత్సరానికి. మూడే అంకెలు ఉన్నాయంటే అది అంతకుముందుది. ఇది 1998లో ముప్పై ఒకటో వారం. ఈ టైరు ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చేనాటికి నేను ఏడో తరగతిలో ఉన్నాను.

మురళి: అరగలేదు కదా!

శైలజ: అరగదు. గోరు దిగితే కదా అరగడానికి. ఇలా నొక్కండి. ఇది రబ్బరా, చెక్కా? మొదటి వానకు మలుపులో మీరు ఒక దిక్కు, బండి ఇంకో దిక్కు.

మురళి: (గర్వంగా) ఆ మాత్రం ముందుచూపు నాకూ ఉంది. టైర్లు ఎలాగూ మార్చాలని రెండు కొనేశాను. సగం ధరకు! అదుగో, ఆ మూల.

(శైలజ వెళ్లి చూసి వచ్చింది. ఆమె ముఖంలో కోపం లేదు. మురళి భయపడేది సరిగ్గా అలాంటప్పుడే.)

శైలజ: రెండూ పదిహేడు అంగుళాలవి.

మురళి: అవును, స్పోర్ట్స్ బండ్లన్నిటికీ అదే సైజు.

శైలజ: ముందుది పదిహేడే. దీని వెనక చక్రం పద్దెనిమిది. సగం ధరకు ఎందుకు ఇచ్చాడో ఇప్పుడైనా అర్థమైందా?

మురళి: అది అమ్మినవాడి తప్పు కాదు కదా...

శైలజ: నేనూ అమ్మినవాణ్ని అనడం లేదు.

మురళి: సరే, టైర్లు వదిలెయ్. బండి ఎంత శుభ్రంగా ఉందో చూడు! ఇంజను కింద చిన్న మరక కూడా లేదు.

శైలజ: ఎందుకుంటుంది? ఇక్కడికి రావాలంటే మట్టి బెడ్డ, గడ్డి గింజ కూడా ఉండకూడదు. 2018లో ఒక కంపు పురుగు దొరికిందని జపాను నుంచి కార్లు తెచ్చిన ఓడల్ని రేవు నుంచే వెనక్కి పంపేశారు. ఆ భయంతో ఎక్కించే ముందు ఆవిరితో కడిగి పారేస్తారు. మట్టి పోయింది, పురుగు పోయింది, దాంతో పాటు ఆయిలు ఎక్కడ కారుతోందో తెలిపే గుర్తు కూడా పోయింది.

మురళి: నీకు అన్నీ అనుమానాలే. వేలం కాగితం చూపిస్తాను ఉండు. ఇంజనుకు, ముందు భాగానికి, వెనక భాగానికి, ఫ్రేముకు విడివిడిగా మార్కులు వేశారు. మొత్తం మీద మంచి మార్కులే.

శైలజ: అన్నిట్లో తక్కువ దేనికి వచ్చింది?

మురళి: (గొంతు తగ్గించి) ముందు భాగానికి.

శైలజ: ఆ పక్కన ఏదో రాసి ఉందే?

మురళి: జపానీ భాషలో ఉంది. ఫోనుతో అనువాదం చేస్తే "స్వల్పంగా వాలింది" అని వచ్చింది. స్టాండు మీద వాలి ఉంటుంది కదా, అందుకని...

(శైలజ మాట్లాడలేదు. క్లచ్ లీవరు చివర చూపించింది. అక్కడ ఉండాల్సిన గుండు లేదు. హ్యాండిలు చివర గీసుకుపోయి ఉంది. ఎడమ పెడలు మొన అరిగి ఏటవాలుగా ఉంది. మూడూ ఒకే వైపు.)

మురళి: నిలబడిన చోటే పడిపోయి ఉంటుంది. పాపం.

శైలజ: అదే అయితే అదృష్టం. ఇంజను కింద జాకీ పెడతాను, మీరు వెనక కూర్చుని బరువు వేయండి, ముందు చక్రం లేస్తుంది. ఊఁ, ఇప్పుడు హ్యాండిలు అటూ ఇటూ మెల్లగా తిప్పుతాను. నడిమికి వచ్చినప్పుడల్లా టక్కుమని ఆగుతోంది, తెలిసిందా?

మురళి: సూటిగా పోవడానికి అలా పెట్టారేమో.

శైలజ: బేరింగు గుంటలు పడింది. ముందు ఫోర్కు గొట్టం మీద వేలు పెట్టండి. జిడ్డు. ఆయిల్ సీలు పోయింది. ఇది బ్రేకు మీదికి కారిందంటే ఇంకేమీ మాట్లాడుకోనక్కర్లేదు. బుధవారం తనిఖీకి తీసుకెళతానన్నారు కదూ? ఫోను చేసి రద్దు చేయండి.

మురళి: రద్దా! ప్లేటు ఎప్పుడొస్తుంది? రిజిస్ట్రేషనుకు డబ్బు కూడా విడిగా పెట్టుకున్నాను.

శైలజ: కారు కంటే మోటారుసైకిలుకు ఎక్కువ కట్టించుకుంటారు ఇక్కడ. అందులో పెద్ద వాటా ప్రమాద బీమాకే. అంటే మీరు పడతారని ప్రభుత్వం ముందే లెక్క వేసుకుంది. నేను ఒక్కదాన్నే అంటున్నానా?

మురళి: ఇంజను విన్నాక మాట్లాడు. అమ్మినవాడు వీడియో పంపాడు, ఒక్క మీటకు అందుకుంది!

శైలజ: ఆ వీడియో తీసే ముందు ఇంజను మీద చెయ్యి వేసి చల్లగా ఉందని చూపించాడా?

మురళి: ఇంజను మీద చెయ్యెందుకు వేస్తాడు?

శైలజ: ముందే ఒకసారి వేడి చేసి పెట్టుకుంటే ఏ బండైనా ఒక్క మీటకే అందుకుంటుంది. కానివ్వండి. చోకు లాగి నొక్కండి.

(నొక్కాడు. బండి దగ్గింది. మళ్లీ నొక్కాడు. తుమ్మింది. ఆ తర్వాత ఎందుకో జాలిపడి అందుకుంది. గ్యారేజీ నిండా పొగ. ఆ పొగలోంచి సన్నటి ఈల.)

మురళి: అయ్యో, ఆ ఈల ఏమిటి? అది మాత్రం నిజంగా పాడైనట్టుంది!

శైలజ: అదొక్కటే బాగున్నది. ఇంజను వాల్వులు తెరిచే క్యాములు తిప్పడానికి దీనికి చైను లేదు, పళ్లచక్రాలే. ఆ పాట వాటిది. భయపడాల్సిన వాటికి భయపడకుండా, దీనికి భయపడుతున్నారు.

(ఇంజనుకు పక్కనుండే ప్లాస్టిక్ తొడుగు, అదే ఫెయిరింగు, శైలజ అప్పటికే విప్పింది. తడిగుడ్డ కొస పట్టుకుని ముందు పొగగొట్టాల్లో ఒకదానికి ఆనించింది. చుయ్‌మంది. రెండోదానికి ఆనించింది. గుడ్డ గుడ్డలాగే ఉంది.)

శైలజ: ఈ సిలిండరు సెలవులో ఉంది.

మురళి: నాలుగింట్లో ఒకటే కదా. ముప్పావు వంతు బాగున్నట్టే.

శైలజ: ఇప్పుడు వేగం పెంచి అలాగే పట్టుకోండి. బ్యాటరీ మీద మీటరు పెడుతున్నాను. పద్నాలుగున్నర వోల్టుల దగ్గర ఆగాలి. పదిహేను... పదహారు... పదహారు దాటింది. ఆపేయండి, ఆపేయండి!

మురళి: ఎక్కువ వస్తే మంచిదే కదా?

శైలజ: బ్యాటరీ ఉడుకుతుంది, బల్బులు మాడతాయి, ఆ పైన ఇగ్నిషన్ పెట్టె పోతుంది. కరెంటును అదుపులో పెట్టే రెక్టిఫయరు పోయింది. ఆ కాలపు హోండాలకు అది వంశపారంపర్యం. నన్నడిగి ఉంటే కొనేముందే చెప్పేదాన్ని.

మురళి: అడిగితే వద్దనేదానివి!

శైలజ: వద్దనేదాన్నో కాదో, అడిగితే కదా తెలిసేది? బండి ధర, దాని మీద ఓడ కిరాయి, ఆ రెండిటి మీదా కలిపి పదిహేను శాతం పన్ను. ఇవన్నీ నాకు చెప్పింది మీరు కాదు, మన బ్యాంకు ఖాతా.

(మధ్యాహ్నం. వంటగది. భోజనాల బల్ల మీద పాత చీర పరిచి ఉంది. దాని మీద నాలుగు కార్బొరేటర్లు వాటి చిల్లర సామానుతో సహా వరుసగా ఉన్నాయి. రెండు వరుసల సిలిండర్ల నడుమ లోయలో ఇరుక్కుని ఉండే వాటిని బయటికి లాగడానికి పట్టిన సమయంలో దంపతులు మాట్లాడుకున్న మాటలు ఇక్కడ రాయడం లేదు.)

మురళి: పెట్రోలు వాసన! రాత్రికి మా ఆఫీసు వాళ్లు భోజనానికి వస్తున్నారు.

శైలజ: వాళ్లు వచ్చేది బండి చూడటానికే కదా? విడివిడిగా చూస్తారు. ఇదిగో, ఈ ఇత్తడి జెట్టు ట్యూబులైటుకు ఎదురుగా పట్టుకుని రంధ్రంలోంచి చూడండి.

మురళి: రంధ్రం ఎక్కడ?

శైలజ: అదే నేను అడుగుతున్నది. వెంట్రుక దూరేంత రంధ్రం ఉండాలి అక్కడ. ఆకుపచ్చగా పొక్కు కట్టింది చూశారా? లోపల వదిలేసిన పెట్రోలు ఆవిరైపోగా మిగిలింది అది. మీరు చెప్పిన విశ్రాంతి అంటే ఇదే.

మురళి: సూది పెట్టి పొడవనా?

శైలజ: సూది పెడితే రంధ్రం పెద్దదవుతుంది, ఆ పైన పెట్రోలు తాగుడు ఆగదు. మెత్తటి రాగి పోగు కావాలి. తీసి పెట్టాను.

మురళి: రాగి పోగు మనింట్లో ఎక్కడుంది?

శైలజ: మీ చార్జరు వైరులో.

మురళి: శైలూ! అది పనిచేస్తున్న చార్జరు!

శైలజ: అందుకే రాగి బాగుంది.

మురళి: (బల్ల మీదికి వంగి) ఆ రుద్దుతున్నది... అది నా టూత్‌బ్రష్ కాదు కదా?

శైలజ: ఇప్పుడు కాదు.

(మురళి కుర్చీలో కూలబడి చాలాసేపు ఫోను చూశాడు. శైలజ జెట్లు ఊది ఊది చూసింది. మూడోదాంట్లోంచి వెలుతురు చుక్క కనిపించేసరికి తనలో తాను నవ్వుకుంది. మొగుడు చూశాడని తెలిసి ముఖం గంటుపెట్టుకుంది.)

మురళి: పోనీ అమ్మేద్దామా?

శైలజ: ఎవరికి? ముక్కలుగా ఉన్న బండి ఎవరు కొంటారు? అయినా విప్పింది నేను. బిగించకుండా వదిలితే మా నాన్న కల్లోకి వచ్చి స్పానరు విసురుతారు.

మురళి: రెక్టిఫయరు, ఆయిల్ సీళ్లు, బేరింగు, లీవరు, ట్యాంకు... ఒక్కొక్కటే తెప్పిస్తే కిరాయిలకే ప్రాణం పోయేలా ఉంది. ప్లగ్గులు కూడా అంతేనా?

శైలజ: పెన్సిలంత ప్లగ్గులు దీనివి. మామూలు స్పానరు కూడా పట్టదు. ముందు రెండూ రేడియేటరు వెనక దాక్కుంటాయి. ధర చెబితే కాఫీ మానేస్తారు.

మురళి: అందుకే ఒకటి చూస్తున్నాను... నువ్వు అరవనంటే చెబుతాను.

శైలజ: చెప్పండి.

మురళి: ఇదే మోడలు ఇంకొకటి వేలానికి వస్తోంది. రంగు పోయింది, ఫెయిరింగు పగిలింది, సీటు చిరిగింది. సామాను కోసం మొత్తం బండే కొనేస్తే, విడిగా కొనేదానికన్నా చవక పడుతుందని...

(నిశ్శబ్దం. మురళి ఫోను మీదున్న చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకున్నాడు.)

శైలజ: ఎంత తిరిగింది?

మురళి: అదే సందేహిస్తున్నాను. ఎనభై వేలు దాటింది. బాగా వాడేసినట్టున్నాడు.

శైలజ: (టూత్‌బ్రష్ పక్కన పెట్టి, చేతులు చీరకొంగుకు తుడుచుకుని) ఫోను ఇటివ్వండి. ముందు ఫోర్కు దగ్గరగా తీసిన ఫోటో ఉందా? ట్యాంకు మూత తెరిచి తీయమని అడగండి. ఇంజను చల్లగా ఉన్నప్పుడు వీడియో పంపమనండి. చెయ్యి వేసి చూపించమనండి.

మురళి: అంటే... కొందామంటావా?

శైలజ: ఎంతలో ఉంది? ఓడ కిరాయి కలిపా, కలపకుండానా?