ఈ వయసులో మీకు బండెందుకండీ?

ఈ దేశంలో అరవై దాటిన మగవాడు ముఖ్యమంత్రి కావచ్చు, పీఠాధిపతి కావచ్చు, మళ్లీ పెళ్లి చేసుకున్నా జనం నాలుగు రోజులు గుసగుసలాడి ఊరుకుంటారు. అదే మనిషి రాజమండ్రి నుంచి బుల్లెట్ మీద రావులపాలెం వెళ్లి అరటిగెల తెచ్చుకుంటే మాత్రం లోకం నిద్ర మానేసి అడుగుతుంది: "ఈ వయసులో మీకు బండెందుకండీ?"

అడిగేవాళ్లెవరో మీకు తెలుసు. పెళ్లి భోజనాల్లో మూడో బొబ్బట్టు మీద నెయ్యి వేయించుకుంటూ, తన గుండెలో రెండు స్టెంట్లున్నాయన్న సంగతి మర్చిపోయి, నా మోకాళ్ల గురించి కలత చెందే పెద్దమనిషి. వాకింగ్‌కి పార్కుదాకా కార్లో వచ్చే పక్క ఫ్లాట్ ఆయన. ఇక రోడ్డెక్కితే మరో రకం. "అంకుల్, స్టాండ్! అంకుల్, స్టాండ్!" అని వెనకనుంచి అరుపు. కంగారుగా కిందికి చూస్తే స్టాండ్ తీసే ఉంటుంది. బుల్లెట్ మీద తెల్లజుట్టు కనిపిస్తే స్టాండ్ వేసే ఉంటుందని కుర్రకారు నమ్మకం. ఆ కుర్రాడు మాత్రం ముగ్గుర్ని ఎక్కించుకుని, నావైపు తిరిగి జాలిగా చూస్తూ, రాంగ్ రూట్లో వెళ్లిపోతాడు.

మొన్న ఆదివారం మా ఇంట్లో దీనిమీద మహాసభే జరిగింది. డాలస్ నుంచి కొడుకు, బెంగళూరు నుంచి కూతురూ అల్లుడూ వీడియో కాల్లో హాజరయ్యారు. మా బావమరిది స్వయంగా విచ్చేశాడు. మా ఆవిడ ఫోన్ని నీళ్ల చెంబుకి ఆనించి నిలబెట్టింది. చర్చనీయాంశం ఒక్కటే, నా బుల్లెట్. నన్నెవరూ పిలవలేదు. ఇల్లు నాదే కాబట్టి అక్కడున్నాను.

"నాన్నా, వయసు పెరిగితే రిఫ్లెక్సులు తగ్గుతాయి," అన్నాడు కొడుకు. వాణ్ని ఇదే బండి పెట్రోలు ట్యాంకు మీద కూర్చోబెట్టుకుని ఊరంతా తిప్పినవాణ్ని నేను. అల్లుడు మర్యాదస్తుడు, నోటితో ఏమీ అనకుండా స్క్రీన్ మీద గ్రాఫ్ పెట్టాడు. అందులో నా వయసు ఎర్ర రంగులో ఉంది. నేనూ ఊరుకోలేదు. 2022లో దేశంలో రోడ్ల మీద పోయిన 1,68,491 మందిలో మూడింట రెండొంతులు 18 నుంచి 45 ఏళ్లలోపు వాళ్లేనని కేంద్ర ప్రభుత్వ లెక్క చెప్పాను. "మీ వయసువాళ్లు బండి తక్కువ నడుపుతారు కాబట్టి తక్కువ పోతారు మావయ్యగారూ," అన్నాడు. అల్లుడు ఇంజినీరు.

"మీ మంచికే చెబుతున్నాం బావగారూ," అని బావమరిది అందుకున్నాడు. ఈయన కారు రివర్స్ తీస్తున్నాడంటే వీధిలో తల్లులు పిల్లల్ని లోపలికి పిలుచుకుంటారు. మా గేటు స్తంభం ఒకవైపు ఒరిగి ఉండడానికి వాస్తు దోషం కారణం కాదు. కూతురు కళ్లు తుడుచుకుంది. కొడుకు మాత్రం, "పాత మోడల్ కదా నాన్నా, కుడికాలి గేరు, ఇప్పుడు మంచి రేటొస్తుంది," అన్నాడు. అంటే రేటు అప్పటికే కనుక్కున్నాడన్నమాట.

తీర్మానం ఏకగ్రీవం. ఇకనుంచి నేను బయటికెళ్లాలంటే డాలస్ నుంచి కొడుకు ఫోన్లో బైక్ టాక్సీ బుక్ చేస్తాడు.

మరోసారి చదవండి. బైక్ టాక్సీ! నేను ముందు కూర్చుంటే ప్రమాదం, అదే రెండు చక్రాల మీద వెనక కూర్చుంటే భద్రత.

వచ్చినవాడికి ఇరవై ఏళ్లుంటాయేమో. హెల్మెట్‌లో చెవి దగ్గర ఒక ఫోను దోపుకున్నాడు, హ్యాండిల్ మీద ఇంకో ఫోను. ఒకదాంట్లో మాట్లాడతాడు, రెండోదాంట్లో దారి చూస్తాడు. రోడ్డు చూడ్డానికి మూడో మనిషి కావాలి, ఆ ఉద్యోగం నాకిచ్చాడు. నాకో హెల్మెట్ కూడా ఇచ్చాడు, దానికి పట్టీ లేదు. "చేత్తో పట్టుకోండి సార్, ఎగిరిపోద్ది," అన్నాడు. ఒక చేత్తో నెత్తిమీది హెల్మెట్టూ, రెండో చేత్తో వెనక కడ్డీ పట్టుకుని కోటగుమ్మం వైపు సాగుతుంటే, యూటర్న్ దూరమని డివైడర్ సందులోంచి ఎదురు ట్రాఫిక్‌లోకి దూరాడు. ఇసుక లారీ ఒకటి మామీదికి వస్తోంది. సరిగ్గా అప్పుడే జేబులో ఫోన్ టింగుమంది. మా ఫ్యామిలీ గ్రూపులో కొడుకు మెసేజ్. దిగాక చదివాను: "మ్యాప్‌లో చూస్తున్నా. నాన్న సేఫ్‌గా వెళ్తున్నారు." కింద కూతురి దండాలు, అల్లుడి బొటనవేలు.

అలాగని నేను పాతికేళ్లవాణ్నని బుకాయించను. దాదాపు రెండు క్వింటాళ్ల బండి. కాలు తిప్పి ఎక్కడానికి ఇప్పుడు అరుగు ఎత్తు కావాలి. మెడ పూర్తిగా తిరగదు కాబట్టి అద్దాల్ని నమ్ముకుంటాను. కంట్లో శుక్లం మొదలైంది, రాత్రిపూట ఎదుటివాడు హైబీమ్ తగ్గించకపోతే తెల్లటి గోడ తప్ప ఏమీ కనబడదు, అందుకని చీకటి పడ్డాక తాళం ముట్టను. ఇదంతా తెలిసే నడుపుతున్నాను. ఇరవైల్లో నాకు తెలిసిందల్లా ఎక్సలేటరు ఒక్కటే.

ఆనందమా? తెల్లవారుజామున ఐదింటికి కరెంటు కొలిచే అమ్మీటరు ముల్లు మధ్యకొచ్చేలా చూసుకుని, సిలిండర్లో ఒత్తిడి వదిలించే డీకంప్రెషన్ లీవర్ నొక్కి వదిలి, ఒక్క కిక్కు. అడ్డదిడ్డంగా కాలు వేస్తే చీలమండ విరగ్గొడుతుంది, పద్ధతిగా అడిగితే పలుకుతుంది. ధవళేశ్వరం దాటాక కాలవ పక్కన ఇంజను చప్పుడు మారుతుంది. కడియపులంక నర్సరీల దగ్గర అప్పుడే నీళ్లు పెట్టిన మట్టివాసన ముక్కుకి తగులుతుంది, కారద్దాల వెనక కూర్చున్నవాడికి అది దక్కదు. జొన్నాడ దగ్గర గౌతమి వంతెనెక్కగానే గాలి చొక్కాలోకి దూరి బీపీ మాత్ర చేయని పని చేస్తుంది. అవతలి గట్టున రావులపాలెంలో టీ. ఎక్కడికి, ఎందుకు, ఎప్పుడొస్తావు అని అడిగేవాడు ఆ గంటన్నరా ఉండడు. ఈ వయసులో బండెందుకో ఇప్పటికైనా అర్థమైందా?

పోనీ చట్టం మమ్మల్ని గాలికొదిలేసిందా అంటే, లేదు. నలభై దాటితే లైసెన్సు రెన్యువల్‌కి ఫారం 1ఏలో డాక్టరు సంతకం కావాలి. యాభై అయిదు దాటితే అయిదేళ్లకోసారి తిరగాల్సిందే. పోయినసారి ఒక డాక్టరుగారు తలెత్తి చూడకుండానే నా కళ్లు దివ్యంగా ఉన్నాయని రాసిచ్చారు. సరే, మనిషికి పరీక్ష పెట్టారు, సంతోషం. రోడ్డుకి ఎవడు పెట్టాడు?

స్పీడ్ బ్రేకర్‌కి, దేశంలో రోడ్ల ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ కొలతలున్నాయి. ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు. మెల్లగా ఎక్కి మెల్లగా దిగాలి. మీద రంగు పట్టీలుండాలి, ముందు హెచ్చరిక బోర్డుండాలి. మా కాలనీలో సిమెంటు రోడ్డు పడ్డ వారానికే, మిగిలిన కాంక్రీటుని తట్టలతో మోసుకొచ్చి ఎవడి ఇంటిముందు వాడు పోసుకున్నాడు. జానెడెత్తు, మూరెడు వెడల్పు. రంగు లేదు, బోర్డు లేదు, పైన వీధిదీపం కూడా లేదు.

మా వీధి కొసన కిరాణా కొట్టాయన భార్యని వెనక కూర్చోబెట్టుకుని గుడినుంచి వస్తున్నాడు. స్పీడేమీ లేదు. ఆవిడ చీరతో ఒకవైపుకి కూర్చుంది, ఒళ్లో పులిహోర డబ్బా. అలాంటి ఓ గుట్ట మీద బండి ఎగిరిపడింది. నాలుగు బారలు ముందుకెళ్లాక గానీ వెనక మనిషి లేదని ఆయనకి తెలియలేదు. తల వెనక దెబ్బ. మూడో రోజు పోయింది. కేసు పెట్టారు. ఎవరిమీద? ఆయనమీదే! నిర్లక్ష్యంగా నడిపి భార్య చావుకి కారణమయ్యాడట. ఆ మనిషి ఇప్పుడు కొట్టు మూసుకుని వాయిదాలకి తిరుగుతున్నాడు. ఆ గుట్ట పోసినవాడి పేరు ఒక్క కాగితంలో లేదు. చూసీ చూడనట్టు పోయిన ఇంజినీరు పేరు లేదు. మోటారు వాహనాల చట్టంలో 2019లో 198ఏ అని ఒక సెక్షన్ చేర్చారు. రోడ్డు ప్రమాణాలు పాటించక మనిషి చస్తే సంబంధిత అధికారికో కాంట్రాక్టరుకో లక్ష రూపాయల వరకు జరిమానా. ప్రాణానికి లక్ష! అదైనా కట్టినవాణ్ని ఒక్కణ్ని చూపించండి. హెల్మెట్ లేదని నా దగ్గర వెయ్యి వసూలు చెయ్యడానికి సందుకో కెమెరా ఉంటుంది. ఆ గుట్టని మాత్రం ఏ కెమెరా చూడదు. సిగ్గులేదూ మనకి?

పరామర్శకొచ్చిన జనం ఏమన్నారో తెలుసా? "ఆయనకి ఎన్నేళ్లు? యాభై ఎనిమిదా? అదీ సంగతి. ఆ వయసులో బండేమిటండీ."

కాబట్టి అధికారులకు సవినయంగా మనవి చేసుకునేదేమంటే, రోడ్లకీ ఫారం 1ఏ పెట్టండి. అయిదేళ్లకోసారి డాక్టరుగారు కాకపోతే కనీసం ఒక జూనియర్ ఇంజినీరైనా టేపు పట్టుకుని, రాత్రి ఎనిమిదింటికి, భార్యని వెనక కూర్చోబెట్టుకుని స్కూటర్ మీద తిరిగి సంతకం చెయ్యాలి. తనిఖీ మా బావమరిది ఇంటిముందు మొదలుపెట్టండి. అక్కడున్నది ఆయనే దగ్గరుండి పోయించాడు, పిల్లల భద్రత కోసమట. గునపం కావాలంటే చెప్పండి, బుల్లెట్ మీద నేనే వేసుకొస్తాను.