మౌస్ గారికి సర్వాధికారాలు

ఎర్ర లైటును నీలం లైటుగా మార్చడం దేశ భద్రతకు సంబంధించిన వ్యవహారమని గేమింగ్ మౌస్ కొన్నవాళ్లకే తెలుస్తుంది. మౌస్ పొట్ట కింద వెలిగే ఆ లైటు రంగు మార్చాలంటే కంపెనీ వాళ్ల సాఫ్ట్‌వేర్ వేసుకోవాలి. దాన్ని తెరవగానే తెరంతా చీకటైపోతుంది. మధ్యలో ఒక బాక్స్ వచ్చి, ఈ యాప్ మీ కంప్యూటర్‌లో మార్పులు చేయడానికి అనుమతిస్తారా అని గంభీరంగా అడుగుతుంది. యెస్ కొడతాం. సాఫ్ట్‌వేర్ తెరుచుకుని, కొత్త వెర్షన్ వచ్చింది వేసుకోమంటుంది. సరే అంటే మళ్లీ చీకటి, మళ్లీ బాక్స్. కొత్త వెర్షన్ ఎక్కాక, మౌస్ లోపలే ఉండి దాన్ని నడిపించే ఫర్మ్‌వేర్ అనే చిన్న ప్రోగ్రాము పాతబడిపోయిందని కనిపెడుతుంది. చీకటి. బాక్స్. ఇంత తతంగం అయ్యాక లైటు నీలం అవుతుంది. మర్నాడు పొద్దున కంప్యూటర్ ఆన్ చేస్తే మళ్లీ ఎర్రగానే ఉంటుంది, ఎందుకంటే ఆ సాఫ్ట్‌వేర్ నడుస్తున్నంతసేపే నీలం. అది నడవాలంటే పర్మిషన్ కావాలి.

ఆ బాక్స్ చూపించేది విండోస్. దాన్ని తయారుచేసే మైక్రోసాఫ్ట్‌ను ఏమీ అనలేం. వాళ్లకు మన క్షేమం తప్ప వేరే ధ్యాస లేదు. పాత విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో ఇంట్లో కంప్యూటర్ ముందు ఎవరు కూర్చున్నా దాదాపు అడ్మినిస్ట్రేటరే, అంటే కంప్యూటర్‌లో ఏదైనా మార్చే హక్కున్న యజమానే. వాళ్లు తెరిచిన ప్రోగ్రామూ, పెన్‌డ్రైవ్‌లో వచ్చిన వైరసూ కూడా అడ్మినిస్ట్రేటర్లే. అందుకని 2007లో జనంలోకి వచ్చిన విండోస్ విస్టాతో యూజర్ అకౌంట్ కంట్రోల్ అనే ఈ అడిగే పద్ధతి పెట్టారు. విస్టా ఎంతలా అడిగిందంటే, దాని మీద ఆపిల్ వాళ్లు టీవీ ప్రకటనే తీశారు. 2008లో ఆర్‌ఎస్‌ఏ అనే కంప్యూటర్ భద్రత సదస్సులో డేవిడ్ క్రాస్ అనే మైక్రోసాఫ్ట్ ప్రోడక్ట్ మేనేజర్ అసలు గుట్టు విప్పారు. దీన్ని పెట్టిందే జనాన్ని విసిగించడానికట! జనం విసిగితే సాఫ్ట్‌వేర్ కంపెనీలను తిడతారు, తిట్లు తిన్న కంపెనీలు సిగ్గుపడి అడ్మిన్ హక్కులు అక్కర్లేని ప్రోగ్రాములు రాస్తాయి. అదీ పథకం. మొదటి సగం దిగ్విజయంగా అమలైంది. రెండో సగానికి సిగ్గు అనే ముడిసరుకు కావాల్సి వచ్చింది. గేమింగ్ పరికరాల కంపెనీల దగ్గర అది ఇప్పటికీ నో స్టాక్.

తెర చీకటవడం కూడా ఊరికే కాదండోయ్. దాన్ని సెక్యూర్ డెస్క్‌టాప్ అంటారు. మిగతా ప్రోగ్రాములేవీ అక్కడికి రాలేవు, మన తరఫున అవి యెస్ నొక్కలేవు. మనిషే నొక్కాలి, స్వహస్తాలతో, ఆలోచించి. ఈ ఆలోచించి అన్న మాట దగ్గరే వచ్చింది చిక్కు.

వెనకటికి టెన్త్ మెమో జిరాక్సు మీద గజిటెడ్ ఆఫీసర్ సంతకం కావాలనేవాళ్లు. చాలా ఊళ్లలో అందుబాటులో ఉన్న గజిటెడ్ ఆఫీసర్ పశువుల డాక్టరు. కుర్రాళ్లంతా జిరాక్సులు పట్టుకుని గేదెల వెనక లైన్లో నిలబడేవాళ్లు. ఆయన ఒక చేత్తో సూదిమందు చూసుకుంటూ, ఇంకో చేత్తో కాగితాల మూలలు తిప్పుతూ పచ్చ సిరాతో గీకేసేవారు. ఒరిజినల్ ఏదని అడిగిన పాపాన పోలేదు. ఆయన్ని తప్పుపట్టడానికి లేదు, అన్ని కాగితాలు ముందు పడేస్తే ఎవరు మాత్రం చదువుతారు? చివరికి 2014లో కేంద్ర ప్రభుత్వమే ఇక సెల్ఫ్ అటెస్టేషన్ చాలు పొమ్మంది. ప్రభుత్వానికి కూడా అర్థమైంది, మౌస్ కంపెనీకి కాలేదు. అది మనందర్నీ పచ్చపెన్ను ఇచ్చి కూర్చోబెట్టింది.

ఈ విషయంలో మా బాబాయి గారిది ఆదర్శ కుటుంబం. ఆయన బ్యాంకు ఉద్యోగి. కొడుక్కి గేమింగ్ పీసీ కొనిచ్చి, వాడికి మామూలు అకౌంటు ఇచ్చి, అడ్మిన్ పాస్‌వర్డ్ తన దగ్గర పెట్టుకున్నారు. సెక్యూరిటీ నిపుణులందరూ చెప్పేది అదే. ఫలితం చిత్తగించండి.

శనివారం రాత్రి పదకొండున్నర. ఫ్రెండ్సంతా ఆన్‌లైన్‌లోకి వచ్చేశారు, మ్యాచ్ మొదలవబోతోంది.

"నాన్నా, ఒక్కసారి లేవవా? మౌస్ అడుగుతోంది."

బాబాయి లేచారు. కళ్లజోడు వెతుక్కున్నారు. తెర మీదికి వంగి, పబ్లిషర్ పేరు ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివారు. కొడుకును అటు తిరగమని, ఒంటివేలితో పాస్‌వర్డ్ కొట్టారు. తప్పన్నది. క్యాప్స్ లాక్ పడి ఉంది. మళ్లీ కొట్టి, వెళ్లి నడుం వాల్చారు.

"నాన్నా, కీబోర్డు."

"ఇప్పుడేగా ఇచ్చాను?"

"అది మౌస్‌కి నాన్నా. కీబోర్డు వేరే కంపెనీ."

లేచారు, కొట్టారు, పడుకున్నారు. మూడోసారి హెడ్‌సెట్. "చెవులకు తగిలించుకునేదానికి కూడానా?" అని పిన్ని దుప్పట్లోంచి అడిగింది. సరౌండ్ సౌండ్ కావాలంటే దాన్ని నడిపించే డ్రైవర్ అనే ప్రోగ్రాము పడాలని వాడు వివరించబోయాడు గానీ, పిన్ని అప్పటికే అటు తిరిగి పడుకుంది.

నాలుగోసారి వాడు గుమ్మం దాటి లోపలికి రాలేదు. అక్కడే నిలబడి నసిగాడు. "మౌస్‌ప్యాడ్."

"ఏమిటీ?"

"అదే నాన్నా, మౌస్ కింద వేసుకునే గుడ్డ. దానికి చుట్టూ లైట్లుంటాయిగా... అప్‌డేట్ వచ్చింది."

ముప్పయ్యేళ్లు లోన్ల ఫైళ్లు చూసిన మనిషి. పట్టాదారు పాస్‌బుక్కు ఒరిజినల్ కళ్లతో చూసి, ఇద్దరు జామీనుదార్లను ఎదురుగా కూర్చోబెట్టుకుంటే తప్ప కలం మూత తీయని మనిషి. కొలేటరల్ లేనిదే సొంత బావమరిదికి కూడా రూపాయి ఇప్పించని మనిషి. ఆ మనిషి అర్ధరాత్రి లుంగీ సర్దుకుంటూ వెళ్లి, ఒక గుడ్డముక్కకు సిస్టమ్ మీద సర్వాధికారాలూ రాసిచ్చి వచ్చారు. ఆ మౌస్‌ప్యాడ్ ముఖం చూసి ఏ బ్యాంకూ చెప్పులు కొనుక్కోవడానికి కూడా అప్పివ్వదు.

మర్నాడు పాస్‌వర్డ్ పసుపు చీటీ మీద రాసి మానిటర్‌కు అంటించారు. ఏది అడిగితే దానికి కొట్టుకోరా, నన్ను లేపకు అన్నారు. ఇప్పుడు వాడికి గేమింగ్ కుర్చీ కావాలట. లైట్లు లేని మోడల్ అయితేనే కొనండని పిన్ని కండిషన్ పెట్టింది.

కంపెనీల పక్షం కూడా వినాలి కాబట్టి వింటాం. మాక్రో అంటే ఒక బటన్ నొక్కితే పది కీలు నొక్కినట్టు పనిచేసే ఏర్పాటు. మామూలు హక్కులతో నడిచే ప్రోగ్రాము, అడ్మిన్ హక్కులతో నడిచే విండోలోకి కీలు పంపకుండా విండోస్ అడ్డుకుంటుంది. కొన్ని గేములు అడ్మిన్‌గా నడుస్తాయి, అందులో మాక్రోలు పనిచేయాలంటే మౌస్ సాఫ్ట్‌వేర్ కూడా అడ్మిన్ కావాలి. ఒప్పుకున్నాం. కానీ లైటుకెందుకు? డీపీఐకి, అంటే మౌస్ కదిలిస్తే తెర మీది బాణం ఎంత జోరుగా కదలాలో ఆ లెక్కకి, ఎందుకు? మామూలు యూఎస్‌బీ మౌస్ గుచ్చగానే పనిచేస్తుంది, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. రంగూ, డీపీఐ మౌస్‌లోనే ఉన్న చిన్న మెమరీలో దాచేస్తే ఆ తర్వాత సాఫ్ట్‌వేర్ అవసరమే ఉండదు, అలా చేసే మౌస్‌లు బోలెడున్నాయి. నిజంగా పెద్ద హక్కులు కావాల్సిన పని ఏదైనా ఉంటే, ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఒక్కసారి అడిగి దాన్ని సర్వీసుగా, అంటే తెర వెనక నడిచే ప్రోగ్రాముగా, పెట్టుకుని, బొమ్మలూ బటన్లూ చూపించే విండోను మామూలుగా నడపొచ్చు. ఇదేమీ కొత్తగా కనిపెట్టాల్సిన విద్య కాదు. చేయరు. ప్రోగ్రాము మొత్తాన్నీ అడ్మిన్‌గా నడిపితే ప్రోగ్రామర్‌కు ఒక సాయంత్రం కలిసొస్తుంది.

ఇంత అడిగే జాతి అడగాల్సిన చోట ఏం చేసిందో చూడండి. 2021 ఆగస్టులో రేజర్ అనే గేమింగ్ కంపెనీ మౌస్ సంగతి బయటపడింది. మౌస్ గుచ్చగానే విండోసే దాని ఇన్‌స్టాలర్‌ను తెచ్చి, సిస్టమ్ హక్కులతో, అంటే అడ్మిన్‌కు కూడా పైహోదాలో, నడిపేది. ఏ ఫోల్డర్‌లో వేయమంటారని అడిగే చోట షిఫ్ట్ పట్టుకుని రైట్ క్లిక్ చేస్తే కంప్యూటర్‌కు నేరుగా ఆజ్ఞలు టైపు చేసే పవర్‌షెల్ తెరుచుకునేది, అవే హక్కులతో. కంప్యూటర్ ముందు కూర్చున్న ఎవరి చేతికైనా మొత్తం తాళాల గుత్తి. దానికి చీకటీ లేదు, బాక్సూ లేదు. కంపెనీ సరిచేస్తామంది. ఆ రోజుల్లోనే స్టీల్‌సిరీస్ అనే ఇంకో గేమింగ్ కంపెనీ సాఫ్ట్‌వేర్‌లోనూ అలాంటి కంతే దొరికింది. ఇక ఫ్యాన్లూ లైట్లూ నడిపే చాలా ప్రోగ్రాములు విన్‌రింగ్‌జీరో అనే డ్రైవర్‌ను వాడుకుంటూ వచ్చాయి. అందులో లొసుగుందని 2020లోనే తెలుసు. 2025 మార్చిలో విండోస్‌లోనే ఉండే డిఫెండర్ అనే యాంటీవైరస్ దాన్ని దొంగ సామాను కింద పట్టుకోవడం మొదలెట్టాక అందరూ ఒక్కసారిగా ఉలిక్కిపడ్డారు. అంతకు ముందు దానికీ యెస్ కొట్టింది మనమే.

ఇక్కడ నాకు నిజంగానే ఒళ్లు మండుతుంది. మీ పిల్లల ఫొటోలు, తాతగారి వీలునామా స్కాను, పదేళ్ల పన్ను కాగితాలు అన్నీ ఒక పనికిమాలిన ప్రోగ్రాము తుడిచేయాలనుకుంటే దానికి అడ్మిన్ హక్కులే అక్కర్లేదు. అవి మీ ఫైళ్లు, అది మీ పేరుతో నడుస్తోంది, తుడిచేసి పోతుంది. ఏ తెరా చీకటవదు. చీకటయ్యేది లైటు రంగు మార్చినప్పుడే! గేములో వేషాలు మార్చే ఫ్రీ స్కిన్లూ, దొంగాట ఆడించే చీట్లూ అని నమ్మి పద్నాలుగేళ్ల కుర్రాడు ఏదో దించుకుని, వచ్చిన బాక్సుకు అలవాటు కొద్దీ యెస్ కొట్టి, వాళ్లమ్మ బ్యాంకు ఖాతా ఊడ్చుకుపోయిందనుకోండి. అప్పుడు అందరూ కలిసి ఏమంటారు? మీవాడే అనుమతిచ్చాడు కదమ్మా అంటారు. ఆ అలవాటు వాడికి నేర్పిందెవరు? చదవకుండా యెస్ కొట్టేలా ఒక తరం పిల్లలకు రోజూ ట్రైనింగ్ ఇచ్చి, ఆ ట్రైనింగ్‌కు మన దగ్గరే వేలకు వేలు వసూలు చేసి, కొంప మునిగాక యూజర్ తప్పిదం అని చేతులు దులుపుకునేవాళ్లను ఏమనాలో నాకు తెలుసు గానీ రాయడానికి బాగోదు. ఆ బాక్స్ కంప్యూటర్‌ను కాపాడుతోందో లేదో గానీ కంపెనీ వకీళ్లను మాత్రం శుభ్రంగా కాపాడుతోంది.

సరే, శాంతిస్తాను. చిట్కాలకు కొదవ లేదు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే తమ్ముడు ఇంటికొకడున్నాడు కదా, వాళ్లలో సగం మంది ఆ స్లైడర్ కిందికి లాగెయ్ అన్నయ్యా అంటారు. ఆ బాక్స్ ఎప్పుడెప్పుడు అడగాలో పైకీ కిందికీ జరిపి చెప్పే మీట అది, 2009లో విండోస్ 7తో వచ్చింది, నాలుగు మెట్లు. అట్టడుక్కి లాగితే అడగడం మానేస్తుంది, దొంగలొచ్చినా సరే. రెండో సగం ఇంకాస్త చదువుకున్నవాళ్లు. ప్రోగ్రాములను వాటంతటవే మొదలయ్యేలా పెట్టే విండోస్ టాస్క్ షెడ్యూలర్‌లోకి వెళ్లి, మౌస్ సాఫ్ట్‌వేర్ పేరు మీద ఒక టాస్క్ పెట్టి, రన్ విత్ హయ్యెస్ట్ ప్రివిలేజెస్, అంటే అత్యధిక హక్కులతో నడుపు, అన్న దగ్గర టిక్ కొట్టమంటారు. నిజంగానే పనిచేస్తుంది. ఇక ఆ మౌస్ ఎవర్నీ అడక్కుండా రోజూ సకల రాజలాంఛనాలతో లోపలికి దయచేస్తుంది.

నేను మాత్రం చట్టబద్ధంగా పోదామని మౌస్ కంపెనీ సపోర్టుకు రాశాను. మీ సాఫ్ట్‌వేర్ మాటిమాటికీ అడ్మినిస్ట్రేటర్ అనుమతి అడుగుతోంది, దయచేసి ఆపే మార్గం చెప్పండి అని. జవాబు చాలా మర్యాదగా వచ్చింది. ముందు సాఫ్ట్‌వేర్‌ను పూర్తిగా మూసేయాలట. తర్వాత దాని ఐకాన్ మీద రైట్ క్లిక్ చేసి, రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్ నొక్కాలట. అప్పటికీ సమస్య తీరకపోతే మొత్తం తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకోవాలట. ఆ సమయంలో తెర మీద ఒక బాక్స్ వస్తుందట, కంగారు పడకుండా యెస్ నొక్కమన్నారు. కింద ఈ జవాబుకు ఎన్ని స్టార్లు ఇస్తారని అడిగారు. స్టార్లు ఇద్దామని లింకు నొక్కితే ముందు లాగిన్ అవ్వమంది.