895వ గోల్ దొంగ లెక్కేనా?

2025 ఏప్రిల్ 6న న్యూయార్క్ ఐలాండర్స్ మీద గోల్ కొట్టి వాషింగ్టన్ క్యాపిటల్స్ కెప్టెన్ అలెక్స్ ఒవెచ్కిన్ 895కి చేరాడు. ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్ అయిన ఎన్‌హెచ్‌ఎల్‌లో అత్యధిక గోల్స్ రికార్డు అప్పటికి 31 ఏళ్లుగా వేన్ గ్రెట్జ్‌కీ పేరు మీద ఉండేది. ఆయన 894 దగ్గర ఆగాడు. అప్పట్నుంచి ఒక మాట తెగ షేర్ అవుతోంది: “ఎక్కువ మ్యాచ్‌లు ఆడాడు, ఖాళీ నెట్‌లోకి తోశాడు, పవర్ ప్లేలో ఒకే చోట నిలబడి కొట్టాడు. ఈ రోజుల్లో గోల్ కొట్టడం తేలిక. సరిగ్గా లెక్కేస్తే గ్రెట్జ్‌కీయే ముందుంటాడు.”

గ్రెట్జ్‌కీ అంటే నాకూ భక్తే. కానీ ఈ మాటలో నిలబడేది చాలా తక్కువ.

మ్యాచ్‌ల సంగతి ఒక్క అంకెతో తేలిపోతుంది. గ్రెట్జ్‌కీ రిటైరయ్యే నాటికి ఆడినవి 1,487 మ్యాచ్‌లు. ఒవెచ్కిన్ 895వ గోల్ కొట్టింది తన 1,487వ మ్యాచ్‌లో. కావాలని చేసినా అంత సరిగ్గా కుదరదు. పైగా 2004లో డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు కొత్త ఆటగాళ్లని ఎంచుకునే చోట, అందరికంటే ముందు ఎంపికైన ఒవెచ్కిన్‌కి, లాకౌట్ (ఆటగాళ్లతో ఒప్పందం కుదరక యజమానులే ఆట ఆపేయడం) వల్ల ఆ సీజన్ మొత్తం రద్దయి, ఏడాది పాటు ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆడే అవకాశమే రాలేదు. 2012-13లో మరో లాకౌట్, ఆ తర్వాత కోవిడ్‌తో కుదించిన రెండు సీజన్లు. గ్రెట్జ్‌కీ కూడా 1994-95 లాకౌట్‌లో కొన్ని మ్యాచ్‌లు నష్టపోయాడు, అదీ నిజమే. అయినా ఎక్కువ నష్టం ఎవరికో చెప్పక్కర్లేదు.

ఖాళీ నెట్ గోల్స్. వెనకబడిన జట్టు చివరి నిమిషాల్లో గోలీని (గోల్‌కీపర్‌ని) తీసేసి అదనపు ఆటగాణ్ని దింపుతుంది. అప్పుడు పక్ (బంతి బదులు వాడే రబ్బరు బిళ్ల) దొరికితే ఎదురుగా అడ్డే ఉండదు. గ్రెట్జ్‌కీ ఇలా కొట్టినవి 56. ఒవెచ్కిన్ ఆ సంఖ్యను దాటాడు, దాచాల్సిన పనేం లేదు. ఇద్దరి మొత్తంలోనూ వీటి వాటా నూటికి ఎనిమిది మించదు. ఒకరికి తీసేస్తే రెండోవారికీ తీసేయాలి కదా! ఇక ఏప్రిల్ 4న ఏం జరిగిందో ఈ మాట షేర్ చేసేవాళ్లు చెప్పరు. షికాగోతో మ్యాచ్‌లో ఒవెచ్కిన్ రెండు గోల్స్ కొట్టి 894తో సమమయ్యాడు. చివర్లో షికాగో గోలీని తీసేసింది. సొంత మైదానం, నెట్ ఖాళీ, రికార్డుకి ఒక్క గోల్ దూరం. అతను బెంచీ మీంచి లేవలేదు. ఖాళీ నెట్‌తో ఆ రికార్డు వద్దనుకున్నాడు.

‘ఒకే చోట నిలబడి’ అన్న ఆరోపణ నాకు భలే నచ్చుతుంది, ఎందుకంటే అది నిజం. పవర్ ప్లే అంటే క్రికెట్‌లోది కాదు. అవతలి ఆటగాడు తప్పు చేసి రెండు నిమిషాలు బయట కూర్చుంటే, ఐదుగురు నలుగురితో ఆడే సమయం. అప్పుడు ఒవెచ్కిన్ ఎడమవైపు సర్కిల్‌లో నిలబడతాడు. అభిమానులు ఆ చోటుని ఓవీ ఆఫీసు అంటారు. అతనిది కుడిచేతి షాట్ కాబట్టి, కుడివైపు నుంచి అడ్డంగా వచ్చే పాస్‌ని ఆపకుండానే బాదేయగలడు. ఆ పాస్ వచ్చేలోపు గోలీ నెట్ ఈ కొస నుంచి ఆ కొసకి జరగాలి. పక్ ఎక్కడికి వస్తుందో, ఎవరు కొడతారో, ఎక్కడి నుంచి కొడతారో రింక్‌లో అందరికీ తెలుసు. కోచ్‌లు ఇరవై ఏళ్లుగా వీడియోలు వేసి మరీ గోలీలకి చూపిస్తున్నారు. అయినా ఆపలేకపోయారు. 895వది కూడా అక్కడి నుంచే. టామ్ విల్సన్ పాస్ ఇచ్చాడు, ఒవెచ్కిన్ కొట్టాడు, గోలీ ఇల్యా సొరోకిన్‌ని దాటి పక్ లోపలికి వెళ్లింది. వెంటనే 39 ఏళ్ల మనిషి పొట్ట మీద పడి మంచు మీద జారాడు. గ్రెట్జ్‌కీ స్వయంగా రింక్ మీదికి వచ్చి అభినందించాడు. ఆ మ్యాచ్ మాత్రం క్యాపిటల్స్ ఓడిపోయారు.

ఇంతా చేసి అతని మొత్తం గోల్స్‌లో పవర్ ప్లేవి మూడో వంతు కాస్త దాటతాయి. మిగతావన్నీ బయటివే. అయితే ఒక మాట ఒప్పుకోవాలి. ఇరు జట్లూ సమాన బలంతో ఆడుతుండగా కొట్టిన గోల్స్‌లో, ఆ రోజుకి గ్రెట్జ్‌కీదే పైచేయి.

ఇప్పుడు గోల్ కొట్టడం తేలికంటారా? ఇది పూర్తిగా తలకిందుల మాట. గ్రెట్జ్‌కీ 92 గోల్స్ కొట్టిన 1981-82లో ఒక్కో మ్యాచ్‌కి రెండు జట్లూ కలిపి సగటున 8 గోల్స్ పడేవి. ఒవెచ్కిన్ కెరీర్‌లో చాలా సీజన్లలో అది ఆరు లోపే. అప్పటి గోలీలు ఎక్కువగా నిలబడి ఆడేవారు, ప్యాడ్లూ చిన్నవి. తర్వాత మోకాళ్ల మీద కూలబడి నెట్ కింది భాగమంతా మూసేసే బటర్‌ఫ్లై పద్ధతి వచ్చింది. నూటికి 87 షాట్లు ఆపే గోలీలు పోయి 90, 91 ఆపేవాళ్లు వచ్చారు. అలాంటి కాలంలో తొమ్మిది సీజన్లలో లీగ్‌లోకెల్లా ఎక్కువ గోల్స్ ఇతనివే. రికార్డు కొట్టిన ఏడాది నవంబర్‌లో కాలి ఎముక విరిగి 16 మ్యాచ్‌లకి దూరమయ్యాడు. తిరిగొచ్చి సీజన్‌ని 44 గోల్స్‌తో ముగించాడు. లీగ్ మొత్తంలో అంతకంటే ఎక్కువ కొట్టినవాళ్లు ఇద్దరే.

ఇక ‘సరిగ్గా లెక్కేస్తే’ అన్నది. అప్పట్లో ఎన్‌హెచ్‌ఎల్‌కి పోటీగా నడిచిన డబ్ల్యుహెచ్‌ఏ అనే లీగ్‌లో గ్రెట్జ్‌కీ కొట్టిన 46 గోల్స్ కూడా కలపాలట. సరే, కలుపుదాం, 940 అవుతాయి. కానీ గ్రెట్జ్‌కీకి ముందు రికార్డు ఎవరి పేరు మీద ఉందో ఆ గోర్డీ హోవ్ అదే లీగ్‌లో కొట్టినవి 174. ఎన్‌హెచ్‌ఎల్‌లోని 801తో కలిపితే 975. అంటే ఈ లెక్కలో గ్రెట్జ్‌కీయే రెండో స్థానం! 1994 మార్చిలో ఆయన 802వ గోల్ కొట్టి హోవ్‌ని దాటినప్పుడు, ఎన్‌హెచ్‌ఎల్ రెగ్యులర్ సీజన్ గోల్సే లెక్కించారు. రెండు లీగ్‌లవీ, వాటి ప్లేఆఫ్‌లవీ అన్నీ కలిపితే గ్రెట్జ్‌కీ 1,072, హోవ్ 1,071. ఆ ఒక్క గోల్ తేడా కూడా గ్రెట్జ్‌కీ కెరీర్‌లో చిట్టచివరి గోల్‌తోనే వచ్చింది. ఎన్‌హెచ్‌ఎల్ వరకే చూసినా ప్లేఆఫ్‌లు కలిపితే ఆ ఏప్రిల్ రోజుకి గ్రెట్జ్‌కీయే ముందున్నాడు, కాదనను. కానీ ఒవెచ్కిన్ బద్దలుకొట్టింది హోవ్ నుంచి గ్రెట్జ్‌కీకి వచ్చిన రికార్డునే, అదే కొలతతో.