లెక్కలోకి రాని చావులు

అమెరికా చరిత్రలో అత్యధిక హత్యలు చేసిన సీరియల్ కిల్లర్ శామ్యూల్ లిటిల్ అని ఆ దేశ దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ 2019 అక్టోబరులో ప్రకటించింది. 1970 నుంచి 2005 దాకా 93 మందిని చంపానని అతను ఒప్పుకున్నాడు. అందులో 50 హత్యలకు అప్పటికే ఆధారాలు సరిపోయాయి. ఇలాంటివాడు ఏళ్లకేళ్లు పోలీసుల కళ్లుగప్పాడంటూ, అదేదో ఘనకార్యమైనట్టు చెప్పుకోవడం మీడియాకు రివాజు. నిజానికి లిటిల్ పోలీసులకు దొరుకుతూనే ఉన్నాడు. 1975 నాటికే 11 రాష్ట్రాల్లో 26 సార్లు అరెస్టయ్యాడు. దొరికినవాణ్ని వదిలేశారు, అదీ అసలు సంగతి.

1982లో మిసిసిపీలోని పాస్కగూలాలో ఒక యువతి హత్య కేసులో పట్టుకుంటే, అభియోగాలు మోపడానికి గ్రాండ్ జ్యూరీ (కేసు విచారణకు తగినదో కాదో తేల్చే పౌరుల బృందం) ఒప్పుకోలేదు. ఫ్లోరిడాలో ఇంకో హత్య కేసు 1984 జనవరిలో వీగిపోయింది. అదే ఏడాది శాన్‌డియాగో పోలీసులకు ఏకంగా కారులోనే చిక్కాడు. పక్కన చావుదెబ్బలు తిని స్పృహ లేకుండా పడి ఉన్న మహిళ! అయినా రెండున్నరేళ్లకే బయటికొచ్చి లాస్‌ ఏంజెలెస్ చేరాడు. 1987-89 మధ్య అక్కడ చేసిన మూడు హత్యలు డీఎన్ఏతో రుజువై శిక్ష పడేసరికి 2014 వచ్చింది. అతని చేతుల్లోంచి ప్రాణాలతో బయటపడ్డ పాస్కగూలా మహిళల గోడు కోర్టు చెవిన పడిందీ ఆ విచారణలోనే. అప్పటికి ముప్పై ఏళ్లు గడిచిపోయాయి.

అతను ఎంచుకున్నది ఎక్కువగా నల్లజాతి పేద మహిళలను, మత్తుకు బానిసలైనవారిని, పడుపువృత్తిలో ఉన్నవారిని. మాజీ బాక్సర్ కావడంతో పిడిగుద్దులతో పడగొట్టి గొంతు నులిమేవాడు. తూటా గాయం, కత్తిపోటు ఉండవు. దాంతో చాలా చావులను డ్రగ్స్ ఓవర్‌డోస్ అనో, ప్రమాదం అనో, కారణం తెలియదనో రాసి ఫైళ్లు మూసేశారు. వీళ్ల కోసం ఎవరూ ఆరా తీయరు కాబట్టి తను దొరకనన్నది అతని ధీమా. ఆ ధీమా వమ్ము కాకుండా కాపాడింది వ్యవస్థే.

జైలు మార్పిస్తామంటే 2018లో టెక్సాస్ రేంజర్ (ఆ రాష్ట్ర దర్యాప్తు అధికారి) జేమ్స్ హాలండ్ ముందు నోరు విప్పాడు. తేదీలు తారుమారు చేశాడు కానీ ముఖాలు మరిచిపోలేదు. చంపిన ఆడవాళ్ల బొమ్మలు రంగుల్లో గీశాడు: జుట్టు తీరు, పెదాల రంగు, చూపు. వాటిని ఎఫ్‌బీఐ వెబ్‌సైట్‌లో పెట్టి, వీళ్లెవరో గుర్తుపట్టండంటూ జనాన్ని అడిగింది. చనిపోయినవారి పేర్ల కోసం హంతకుడు గీసిన బొమ్మల మీద ఆధారపడాల్సి రావడం కన్నా సిగ్గుచేటు ఏముంది?

రాష్ట్రాల మధ్య హింసాత్మక నేరాలను పోల్చి చూసేందుకు ‘వైక్యాప్’ అనే విభాగాన్ని ఎఫ్‌బీఐ 1985లోనే పెట్టింది. లిటిల్ పాత చరిత్రను టెక్సాస్‌లో 1994 నాటి హత్యతో ముడిపెట్టింది ఆ విభాగమే. అంటే వివరాలు చేరితే అది పనిచేస్తుంది. చిక్కల్లా, దేశంలోని సుమారు 18 వేల పోలీసు విభాగాలు దానికి వివరాలు పంపడం చాలావరకు స్వచ్ఛందం. ఇష్టముంటే పంపుతారు, లేకుంటే లేదు. అనుమానాస్పద మరణాల వరకైనా దీన్ని తప్పనిసరి చేయాలి. లిటిల్ 2020 డిసెంబరు 30న, 80 ఏళ్ల వయసులో చనిపోయాడు. మిగిలిన కేసుల గురించి అడగడానికి అతనిక లేడు, పోస్ట్‌మార్టం నివేదికలున్నాయి. ఓవర్‌డోస్ అని రాసి పక్కన పడేసిన ఆ ఫైళ్లను ఆయా రాష్ట్రాలు తిరగదోడాలి.