సమదర్శి కాటా గారికి

శ్రీ కాటా గారికి,
పాత ఇనుము కొట్టు, పర్లాకిమిడి.

అయ్యా,

తమరి సమదృష్టికి దండాలు. సైకిల్ చైనైనా, లారీ కమాను పట్టీ అయినా, కుట్టుమిషన్ కాలైనా తమరికి ఒక్కటే: ఇనుము, కిలో ఇంత. రిమ్ముకి అంటిన బురద కూడా ఇనుమే. సన్యాసులకైనా ఇంత అభేదభావం కుదరదు. తమరి దగ్గర తూయించుకున్న తుక్కుతో కొంగ బొమ్మ చేసేవాళ్లకి మాత్రం ఈ అద్వైతం గిట్టుబాటు కాదండి.

ఆ కుట్టుమిషన్ కాలే తీసుకోండి. అది పోత ఇనుము. మామూలు 6013 రకం వెల్డింగు రాడ్డుతో అతికితే అతుకు ముచ్చటగా కుదురుతుంది. చల్లారేటప్పుడు పక్కనుంచి ‘టిక్’ మని చిన్న చప్పుడు, వెంట్రుకంత పగులు. కార్బన్ 2 శాతం పైనే ఉన్న సరుకు. వేడి తగిలినచోట పెళుసెక్కి, సాగలేక విచ్చుకుంటుంది. దానికి నికెల్ రాడ్డు కావాలి. ఒక్కో విడత వేసే అతుకు అంగుళం దాటకూడదు, వేడి మీదుండగానే చిన్న సుత్తితో తట్టాలి, పని అయ్యాక పొడి బూడిదలో పాతేసి మర్నాటిదాకా మరిచిపోవాలి. నికెల్ రాడ్డు ధర వింటే తమరి ముల్లే వణుకుతుంది. అందుకే ఆ కాలుని బెజ్జాలు వేసి బోల్టులతో బిగిస్తాం.

మెడకి తమరిచ్చిన నీళ్ల పైపు ఇంకో మాయ. దాని మీది జింకు 907 డిగ్రీలకే మరుగుతుంది, కింది ఇనుము కరగడానికి 1500 దాటాలి. ఇనుము కరిగేలోపే తెల్లపొగ, సాయంత్రానికి చలిజ్వరం. పాలు తాగితే విరుగుడని వెల్డర్లంటారు, విరిగేది పాలే. అతుకు వేసేచోటికి అటూ ఇటూ రెండేసి అంగుళాలు, లోపలా బయటా, మెరిసే ఇనుము కనబడేదాకా రుద్ది, ఆరుబయట, గాలి పొగని మొహం మీదికి తేకుండా కూర్చుని అతకాలి.

మోటార్‌సైకిల్ షాకబ్జార్‌ని తమరు రెండు కిలోలన్నారు. మేం బాంబంటాం. మూసుకున్న గొట్టం, లోపల నూనె, కొన్నిట్లో గ్యాసు కూడా. ఒత్తిడి దింపి, విప్పి, నూనె వార్చనిదే దానికి మంట చూపించకూడదు. పెట్రోలు ట్యాంకు సంగతి అసలెత్తకండి.

తమరు చెప్పని గోత్రం గ్రైండర్ చెబుతుంది. మెత్తని ఇనుమైతే నిప్పురవ్వలు పొడుగ్గా, గడ్డి రంగులో సాగుతాయి. కమాను పట్టీ అయితే కాకరపువ్వొత్తిలా చిట్లుతాయి. పోత ఇనుముకి ఎర్రగా, పొట్టిగా రాలి ఊరుకుంటాయి. బేరింగు గుండైతే దాని జోలికి రాడ్డు తీసుకెళ్లం: నట్టులో దిగ్గొట్టి, అంచు నొక్కేస్తే కొంగకి కన్ను.

ఒక్క విషయంలో తమరి సమదృష్టికి భయపడతాం. 1900లో నౌపడా నుంచి మన ఊరికొచ్చిన రెండున్నర అడుగుల చిన్నరైలు పోయి పెద్దలైను వచ్చినా, పట్టామేకులు అప్పుడప్పుడు తమరి పళ్లెంలో తేలుతుంటాయి. కొంగ ముక్కుకి అంత చక్కటి మేకు దొరకదు, నిజమే. కానీ రైల్వే సొత్తు రసీదు లేకుండా చేతిలో ఉంటే 1966 చట్టం మెడకి చుట్టుకుంటుంది. తమరు తూకం వేశారే గానీ, ఎక్కడిదని అడిగారా?

కొంగ నిలబడింది. పగిలిన కాలు, కోసిన పైపు ముక్కలు, ఊడిన చైను లింకులు సంచిలో మూటకట్టి రేపు తెస్తున్నాం. మేం కొన్నప్పుడు ముందుకి ఉరికిన ముల్లు, అమ్మేటప్పుడు వెనకే ఆగిపోకుండా చూసుకోగలరు.

ఇట్లు,
తమరి తుక్కు ఖాతాదార్లు