ఎడమ మర జంతికల గొట్టం

మా అత్తయ్యగారి జంతికల గొట్టం పేరుకే మా ఇంటిది, వాడకానికి వీధందరిదీ. ఆవిడ కాపురానికి వచ్చినప్పుడు సారెలో వచ్చిన అజ్జరం ఇత్తడి సామాను అది. పెరవలి దగ్గర అజ్జరం అంటే గుడిగంట దగ్గర్నుంచి గంగాళం దాకా ఇత్తడికి పెట్టింది పేరు కదా, అందుకని దాని మీద అందరికీ గురి. ధనుర్మాసం సగానికి వచ్చేసరికి "పిన్నిగారూ, ఒక్క పూటకే" అంటూ మొదలవుతారు. ఒక్క పూటకని వెళ్లింది నాలుగిళ్లు తిరిగి, ఎవరి పిండో అంచుల్లో ఎండబెట్టుకుని, పండగ నెత్తిమీదికి వచ్చాక గాని మా గుమ్మం ఎక్కదు. లేదనడం అత్తయ్యగారికి చేతకాదు. ఇచ్చాక సణుక్కోవడం మాత్రం బాగా చేతనవును.

మొన్న సంక్రాంతికి ముందు అదలా ఊరేగి వచ్చేసరికి మర కాస్తా అరిగిపోయింది. పిడి తిప్పుతూంటే తిరుగుతూనే ఉంటుంది, లోపలి బిళ్ళ మాత్రం ఉన్నచోటు నుంచి కదలదు. కొత్తది కొనుక్కుంటే పోయేది. ఆ మాట నేను అనేలోపే మా ఆయన గొట్టం చంకన పెట్టుకుని పెరట్లోకి వెళ్లిపోయారు.

పెరట్లో ఏముందో చెప్పాలి. మాది రావులపాలెం పక్కన పల్లెటూరు. గేదెల్ని అమ్మేశాక ఖాళీ అయిన పశువులపాకలో ఇప్పుడొక లేత్ మిషన్, అదే కడ్డీని గిర్రున తిప్పుతూ చెక్కే యంత్రం, కాపురం ఉంటోంది. బ్యాంకు ఉద్యోగం నుంచి రిటైరయ్యాక అందరూ గుళ్లూ గోపురాలూ తిరుగుతారు, ఈయన పాత సామాన్ల షాపులు తిరిగి దీన్ని పట్టుకొచ్చారు. రాజ్‌కోట్‌లో తయారైనది. మా కోనసీమ తేమకి సాయంత్రం తళతళలాడిన ఇనుము తెల్లారేసరికి ఎర్రబడుతుంది కాబట్టి, రోజూ రాత్రి దానికి నూనె పట్టించి, నా పాత ఉప్పాడ చీర కప్పి గాని పడుకోరు. నాకు దుప్పటి ఉందో లేదో అడిగిన గుర్తు లేదు.

దాని మీద అప్పటిదాకా తయారైనవాటిలో చెప్పుకోదగ్గది ఇత్తడి అగరొత్తుల స్టాండు. కన్నాలు ఎంత కచ్చితంగా వేశారంటే, అగరొత్తి దూరితే ఇక రాదు, లేకపోతే అసలు దూరదు. అగరొత్తులు చేసేవాళ్లకి కొలతల మీద శ్రద్ధ లేదని ఆయన ఫిర్యాదు.

"టౌన్లో లేత్ వర్క్స్‌కి ఇస్తే గంటలో చేసిస్తారు కదండీ" అన్నాను.

"వాళ్లకి రొయ్యల చెరువుల ఏరేటర్ల షాఫ్టులతోనే ఊపిరాడట్లేదు. నీ జంతికల గొట్టం ఎవడు చూస్తాడు?" అన్నారు. అందులో అబద్ధం లేదు లెండి.

పాత మర మూడు మిల్లీమీటర్లకి ఒక చుట్టు. ఈ మిషన్‌లో కోసే టూలుని నడిపించే స్క్రూ ఏమో అంగుళాల లెక్కది. అంగుళాల మిషన్ మీద మిల్లీమీటర్ల మర సరిగ్గా రావాలంటే 127 పళ్ల గేరు తగిలించాలట. అంగుళానికి 25.4 మిల్లీమీటర్లు, పన్నుని ముక్కలు చెయ్యలేం కనక అయిదుతో గుణిస్తే 127. ఇదంతా నేను అరిసెల పాకం చూస్తూండగా వెనకాల నిలబడి చెప్పారు. పాకం ముదిరిపోయింది.

తిండి సామాను కదా అని స్టెయిన్‌లెస్ స్టీలు కడ్డీ తెచ్చారు. అది మొండి సరుకు. టూలు కోసుకుంటూ ముందుకు పోయినంతసేపూ సరే, ఒక్క క్షణం తటపటాయించి రుద్దిందా, అక్కడికక్కడే గట్టిపడి కూర్చుంటుంది. టూళ్ల మూతులు విరిగాయి. నీలం రంగెక్కిన రజను చుట్టలు చుట్టలుగా, అచ్చం జంతికల్లాగే పాకంతా రాలింది. ఆ పండక్కి మా ఇంట్లో మొదటి వాయి అదే.

"1847లో మొదలెట్టి 1852కల్లా కాటన్ దొర గోదావరికే ఆనకట్ట కట్టేశాడట. మీ గొట్టం వచ్చే సంక్రాంతికైనా అవుతుందా?" అని అడిగాను.

"ఆయనకి స్టెయిన్‌లెస్ స్టీలుతో పని పడలేదు" అన్నారు.

మర కోసేటప్పుడు టూలు దానంతటది కుడివైపు నుంచి ఎడమకి, కడ్డీని పట్టుకుని గిర్రున తిరిగే చక్ మీదికి నడుస్తుంది. సమయానికి లివరు ఎత్తకపోతే రెండూ ఢీకొంటాయి. మా ఆయనకి ఆ లివరంటే టెన్షన్. అందుకని చక్ దగ్గర మొదలుపెట్టి బయటివైపుకి కోసుకురావడం మొదలెట్టారు. చివరికి టూలు ఖాళీలోకి పోతుంది, భయమే లేదు. పని తెలిసినవాళ్లూ ఇలా చేస్తారు. కాకపోతే వాళ్లు టూలుని బోర్లించి, మిషన్‌ని వెనక్కి తిప్పుతారు. ఈయన మిషన్‌ని మామూలుగానే తిప్పారు. మూత మధ్యలో బిగించే ఇత్తడి బుష్ మర కూడా అదే ధైర్యంతో లోపల్నుంచి బయటికే కోశారు.

రెండిట్లోనూ ఒకటే పొరపాటు కాబట్టి ఒకదానికొకటి అద్భుతంగా అతికాయి. వేలితో తిప్పితే జారిపోయింది. ఎటు తిప్పితే ఎటు పోతోందో చూసే ఓపిక ఆ సంతోషంలో ఎవరికుంటుంది? ఆయన దగ్గర వెర్నియరుంది, మైక్రోమీటరుంది. మందం చెప్పమంటే వెంట్రుకలో వంతు కూడా చెబుతాయి గాని ఈ సంగతి ఏదీ చెప్పలేదు.

భోగి ముందురోజు మూకుట్లో నూనె కాగింది. పండక్కి వచ్చిన పిల్లలు జీడిపప్పు సీసా చుట్టూ తచ్చాడుతున్నారు. బియ్యప్పిండి, శనగపిండి, వాము, నువ్వులు, కారం, వెన్నపూస వేసి పిండి కలిపింది నేను. ఈ సంగతి గుర్తుంచుకోండి. అత్తయ్యగారు గొట్టంలో పిండి కూరి, మూత బిగించి, మూకుడు మీద పట్టుకుని పిడి తిప్పారు. తిరగలేదు. ఇంకాస్త బలంగా తిప్పారు. ఊహూ.

"అమ్మాయ్, పిండి గట్టిగా కలిపావు."

పిండి తీసి, నీళ్లు చిలకరించి కలిపాను. అయినా తిరగలేదు. "ఇంకాస్త పొయ్యి" అన్నారు. పోశాను. అలా పోసీ పోసీ పిండి ఎంత పల్చబడిందంటే, పిడి ముట్టుకోకుండానే కంతల్లోంచి బొట్లు బొట్లుగా మూకుట్లోకి రాలి బూందీ మొదలైంది. ఆ తడికి నూనె చిటపటమని పైకి ఎగిరితే అందరం వసారాలోకి పరుగు.

మా మరిది జిమ్ముకి వెళ్లే మనిషి. చొక్కా చేతులు మడిచి, ఊపిరి బిగబట్టి తిప్పాడు. పిడి వంగింది. మా ఆయన ఆయిల్ క్యాన్ పట్టుకొచ్చారు. "ఆ నల్లనూనె నా గొట్టంలో పడిందా, చూస్కో" అని అత్తయ్యగారు అడ్డం తిరిగారు. "కొత్తది కదమ్మా, కాస్త టైటుగా ఉంటుంది, వాడగా వాడగా సర్దుకుంటుంది" అని ఆయన నచ్చజెప్పబోయారు.

చివరికి పనమ్మాయికి విసుగొచ్చింది. "ఇలాగివ్వండి అమ్మగారూ, కడిగి బోర్లించేస్తాను" అంటూ గొట్టం లాక్కుని, మర ఊడదీద్దామని పిడిని వెనక్కి తిప్పింది.

జంతిక వచ్చింది. నిండుగా, తెగకుండా, నేరుగా మా ఆయన పాదాల మీదికి.

అందరం ఆ పాదాల వంక చూసి, తర్వాత ఆయన వంక చూశాం. ఆయన గొట్టం అందుకుని, మూత విప్పి, మరని వెలుతురుకి పెట్టి కాసేపు చూశారు. నష్టాన్ని నష్టమని పద్దు రాసే అలవాటు లేని మనిషి. "ఇది ఎడమ మర" అన్నారు, కోరి కోయించుకున్నట్టు. "మామూలు మర కుడికి తిప్పితే బిగుస్తుంది, ఇది ఎడమకి తిప్పితే బిగుస్తుంది." "సైకిలుకి ఎడమ పెడలు ఇలాగే ఉంటుంది, లేకపోతే తొక్కుతూంటే ఊడొస్తుంది. టేబుల్ ఫ్యాన్ రెక్కల మీద మూత ఉంటుందే, అదీ ఇంతే. వెల్డింగ్ షాపులో ఎసిటిలీన్ సిలిండరుకి కూడా ఇదే మర. ఆక్సిజన్ పైపు పొరపాటున తగిలించకుండా."

"జంతికల గొట్టానికి ఎవరేం తగిలిస్తారని భయపడ్డావురా?" అన్నారు అత్తయ్యగారు.

నేను మాత్రం "పిండి బాగానే కలిపాననమాట" అన్నాను. ఎవరూ వినిపించుకోలేదు. పల్చబడ్డ పిండిని దారికి తేవడానికి డబ్బాలో ఉన్న బియ్యప్పిండి అంతా కుమ్మరించి, దానికి తగ్గట్టు కారం, ఉప్పు వేసి, వంగిన పిడిని వెనక్కి తిప్పుకుంటూ వండాం. శివరాత్రి దాకా తిన్నాం.

ఆ సాయంత్రమే పక్కింటావిడ ఎప్పట్లాగే గొట్టం పట్టుకెళ్లింది. నూనె చల్లారకముందే తిరిగి తెచ్చేసింది. "తిరగట్లేదండీ పిన్నిగారూ, పాడైపోయినట్టుంది." భోగి నాడు ఎదురింటావిడా అంతే. "అవునమ్మా, మావాడు పాడుచేశాడు" అని అత్తయ్యగారు తెగ బాధపడుతూ అందుకుని, తుడిచి, బీరువా మీద పెట్టుకున్నారు.

వీధిలో ఈ మాట పాకేసరికి మా ఆయనకి పరువు సమస్య వచ్చిపడింది. కనుమ వెళ్లగానే కొత్త కడ్డీ తెచ్చి, "ఒక్క రోజు ఇయ్యమ్మా, ఈసారి కుడి మర కోసేస్తాను" అని వచ్చారు.

అత్తయ్యగారు గొట్టం ఇవ్వలేదు. లోపలికి వెళ్లి జీడిపప్పు సీసా తెచ్చారు. అడుగున నాలుగు పలుకులు మిగిలాయి. వసారాలో ఆడుకుంటున్న మనవల వైపు ఓసారి చూసి, సీసా కొడుకు చేతిలో పెట్టారు.

"అబ్బాయ్, దీని మూతకి కూడా ఆ మరే కోసి పెట్టరా."