యోగా సరే, డ్యూటీ చార్టు సంగతేంటి?

రోగి పోయాక కుటుంబాన్ని ఓదార్చే నర్సులు, డాక్టర్లు తమ ఒత్తిడి తగ్గడానికి యోగా, ధ్యానం చెయ్యాలని ఈమధ్య ఓ వ్యాసంలో రాశారు. మంచిదే, కాదనను. కానీ ఐసీయూలో పనిచేసే నాబోటి వాళ్లకి అసలు ఇబ్బంది ఇంటికెళ్లాక కాదు, డ్యూటీలోనే.

బ్రెయిన్ డెత్ కేసునే తీసుకోండి, అంటే మెదడు పూర్తిగా చచ్చిపోయి, ఊపిరి మాత్రం మెషీన్ మీద నడిచే కేసు. అవయవదానం చెయ్యాలంటే 1994 నాటి అవయవ మార్పిడి చట్టం ప్రకారం నలుగురు డాక్టర్ల బృందం కనీసం 6 గంటల తేడాతో రెండుసార్లు పరీక్షలు చేసి నిర్ధారించాలి. ఆ మధ్య సమయమంతా ఇంటివాళ్లకి ఎదురుగా కనిపించేది నర్సు, అవయవదానం గురించి ఇంటివాళ్లతో మాట్లాడే కోఆర్డినేటరే. వెంటిలేటర్ మీద ఛాతీ కదులుతూనే ఉంటుంది. "చెయ్యి వెచ్చగానే ఉంది కదా సిస్టర్, ఇంకోసారి చూడండమ్మా" అని తల్లి బతిమాలుతుంది. ఆవిడకి ఏదో ఒకటి చెప్పి ఇవతలికొస్తే పక్క బెడ్ మానిటర్ మోగుతుంటుంది. మంచినీళ్లు తాగడానికే టైముండదు, ఇక ఏడవడం సంగతి సరేసరి.

ధ్యానం క్లాసు తర్వాత పెట్టండి. ముందు, చావు కబురు చెప్పిన మనిషిని ఓ అరగంట వార్డు నుంచి తప్పించి, ఆ బెడ్లు ఇంకొకరికి అప్పజెప్పండి. మా దగ్గర ఒక హెడ్ సిస్టర్ అలాగే చేసేవారు, షిఫ్టు అయ్యాక పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడించేవారు కూడా. ఆవిడ రిటైరయ్యాక అది ఆగిపోయింది. ఆ అరగంటని డ్యూటీ చార్టులోనే పెట్టమని అడిగితే పైవాళ్లు "స్టాఫ్ ఎక్కడున్నారమ్మా" అంటున్నారు.